పెడల్ స్విచర్ రిలేలకి సిగ్నల్ దారి ఎట్ల నేర్పాల: డిప్ స్విచ్చా, లెర్న్ బటనా, మిడీనా, ఫోనా?

వినాయక చవితి దగ్గర పడిందంటే కర్నూలు, అనంతపురం, కడప ఆర్కెస్ట్రావాళ్ళకి నిద్ర ఉండదు. ఒక పాటకి గిటార్ క్లీన్‌గా వినపడాల, ఎనకాలే వచ్చే పాటకి డిస్టార్షన్, డిలే రెండూ ఒక్కసారి పలకాల, నడుమ అనౌన్సర్ మాట్లాడే నాలుగు ముక్కల్లో గిటార్ వాయించేటాయన వంగి మూడు పెడల్లు (గిటార్ సౌండ్ మార్చే ఎఫెక్టు డబ్బాలు) తొక్కాల. ఈ తొక్కుడు తప్పించడానికే రిలే స్విచర్ (రిలే అంటే లోపలి కాయిల్‌కి కరెంటు ఇస్తే మారే చిన్న స్విచ్). పెడల్లన్నీ ఒక డబ్బాకి కలిపేస్తాం, ఒక బటన్ తొక్కితే ఏ పెడల్లు దారిలోకి రావాలో ఏవి పక్కకి పోవాలో రిలేలే చూసుకుంటాయి. శానామంది ఆగిపోయేది ఆడ కాదు, "ఏ బటన్‌కి ఏ దారి అనేది ఆ డబ్బాకి ఎట్ల చెప్పాల" అనే కాడ. డిప్ స్విచ్‌లతో (బోర్డు మీద వరసగా ఉండే బుల్లి స్విచ్‌లు) చెప్పొచ్చు, డబ్బా మీద బటన్లతోనే నేర్పొచ్చు, ప్రోగ్రామ్‌లోనే రాసేయొచ్చు, కీబోర్డు నుంచి మిడీలో (వాయిద్యాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) పంపొచ్చు, ఫోన్‌లో పేజీ తెరిచి టిక్కులు పెట్టొచ్చు. అన్నీ పనిచేస్తాయి, కానీ అన్నీ అందరికీ సరిపోవు.

ముందు ఏం చూసుకోవాల

నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: సెట్టింగ్ మార్చేది ఎవరు, ఏ చోట? ఇంట్లో టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మార్చేటోళ్ళకి ఏదైనా నడుస్తాది. ప్రొద్దుటూరు దసరా స్టేజి మీద, సింగర్ చివరి నిమిషంలో పాట మార్చేస్తే, చీకట్లో ఫుట్‌లైటు వెలుగులో మార్చాల్సిన వాళ్ళకి కొన్ని మాత్రమే నడుస్తాయి. ఇది తేలితే మిగతాది సగం తేలినట్టే.

తర్వాత కరెంటు. స్టేజి మీద లైన్ పోయి జెనరేటర్ మీదికి మారడం మనకి మామూలే, అట్ల పోయి వచ్చినాక డబ్బా ఏ స్థితిలో లేస్తాది అనేది ముఖ్యం. మూడోది మార్చేటప్పుడు వచ్చే 'టప్' శబ్దం. నాలుగోది రిపేరు, ఏదైనా చెడిపోతే ఊర్లో టీవీ రిపేర్ చేసే ఆయన చూసి అర్థం చేసుకోగలడా అని. ఐదోది పెడల్ల వరస ఒకటే ఉంటే చాలా, లేక పాటని బట్టి వరస కూడా మారాలా అని, ఇది ఖర్చుని ఎక్కడికో తీసుకుపోతాది కాబట్టి దీని గురించి కింద విడిగా చెప్తా.

ఏ పద్ధతి అయినా రిలే మంచిది కావాల

మొదట దీన్ని తేల్చుకుందాం, ఎందుకంటే రిలే తప్పు పడితే పైన ఎంత గొప్ప ప్రోగ్రామింగ్ పెట్టినా ఉపయోగం లేదు. ఆర్డ్యూనో (ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న బోర్డు) కిట్లలో వచ్చే నీలం రంగు రిలే బోర్డు ఉంటాది కదా, 10 ఆంపులు 250 వోల్టులు అని రాసి ఉంటాది, అది లైట్లకి, మోటర్లకి బాగుంటాది గానీ గిటార్ సిగ్నల్‌కి వద్దు. గిటార్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో, కరెంటు మైక్రోఆంపుల్లో. వెండి మిశ్రమం కాంటాక్టు మీద గాలికి సన్నటి పొర కడ్తాది, పెద్ద కరెంటు అయితే ఆ పొరని చీల్చుకుని పోతాది, ఇంత చిన్న సిగ్నల్‌కి ఆ బలం ఉండదు. అందుకే కొత్తలో బాగా పనిచేసి కొన్నాళ్ళకి గరగర మొదలవుతాది, ఒక్కోసారి సౌండే రాదు, రిలేని వేలితో తడితే మళ్ళీ వస్తాది. పైగా ఆ రిలేలో రెండు పోల్స్ (ఒకేసారి కదిలే రెండు విడి స్విచ్‌లు) ఉండవు, ఒక పెడల్‌ని పూర్తిగా పక్కకి తప్పించాలంటే రెండు పోల్స్ కావాల.

కావాల్సింది బంగారు పూత కాంటాక్టులున్న చిన్న సిగ్నల్ రిలే, రెండు పోల్స్‌ది. పానసోనిక్ టీక్యూ2 అట్లాంటిదే, దాని డేటాషీట్‌లో 10 మిల్లీవోల్టులు, 10 మైక్రోఆంపుల దాకా తక్కువ సిగ్నల్‌ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. 5 వోల్టుల రకం కాయిల్‌కి 28 మిల్లీఆంపులు చాలు. నీలం రిలే అదే 5 వోల్టుల మీద 70 పైన తాగుతాది, ఎనిమిది రిలేలు ఒక్కసారి ఆన్ అయితే ఆ తేడా మీ అడాప్టర్‌కే తెలుస్తాది. ఓమ్రాన్ జీ5వీ-2 కూడా మంచిదే, 16 పిన్నుల ఐసీ సాకెట్‌లో కూర్చుంటాది కాబట్టి చెడిపోతే సోల్డరింగ్ లేకుండా పీకి మార్చొచ్చు. కొనేటప్పుడు మాత్రం చివర హెచ్1 అని ఉన్నది అడగండి, అది 30 మిల్లీఆంపులది, మామూలుది 100 తాగుతాది. ఇవి మన ఊర్లలో ప్రతి షాపులో దొరకవు. అనంతపురం వాళ్ళు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి, కర్నూలు వాళ్ళు హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీకి పోయినప్పుడు రెండు మూడు ఎక్కువే తెచ్చుకోవడం మేలు, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి.

వైరింగ్ సులువే. ఒక పెడల్‌కి ఒక రిలే. రిలే ఆఫ్‌లో ఉంటే సిగ్నల్ నేరుగా ముందుకి పోవాల, ఆన్ అయితే మొదటి పోల్ సిగ్నల్‌ని పెడల్ లోపలికి పంపాల, రెండో పోల్ పెడల్ నుంచి బయటికొచ్చిన దాన్ని తీసుకుని ముందుకి ఇయ్యాల. కాబట్టి ఒక ప్రీసెట్ అంటే ప్రతి రిలేకి ఆన్ లేదా ఆఫ్, అంతే. ఎనిమిది పెడల్లుంటే ఎనిమిది బిట్లు, అంటే ఒక్క బైట్, 256 రకాల కలయికలు అందులోనే ఇమిడిపోతాయి. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క బైట్‌ని యాడ దాచిపెట్టాల, ఎట్ల మార్చాల అనే దాని గురించే.

డిప్ స్విచ్, డయోడ్ల పద్ధతి

ఇందులో ప్రోగ్రామ్ ఏమీ ఉండదు, చిప్‌కి కోడ్ ఎక్కించే పని ఉండదు. ఒక్కో ప్రీసెట్‌కి ఒక్కో వరస డిప్ స్విచ్‌లు, స్విచ్ పైకుంటే ఆ పెడల్ దారిలో ఉన్నట్టు, కిందికుంటే లేనట్టు. ప్రతి స్విచ్‌కి ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటుని ఒకే వైపుకి పోనిచ్చేది) తప్పకుండా పెట్టాల, లేకపోతే ఒక ప్రీసెట్ వోల్టేజీ దొంగదారిన ఇంకో వరసలోకి పోయి సంబంధం లేని రిలేలు కూడా టక్కుమంటాయి. నాలుగు పెడల్లు, ఎనిమిది ప్రీసెట్లు అంటే 32 డయోడ్లు. ఓపిక కావాల గానీ ఖర్చు శానా తక్కువ.

దీనిలో నాకు బాగా నచ్చేది, సెట్టింగ్ కంటికి కనపడ్తాది. మూత తీసి చూస్తే మూడో పాటకి ఏమేం పెట్టినామో చదువుకోవచ్చు. కరెంటు పోయినా వచ్చినా మరిచిపోయేదేం లేదు. ఊర్లో ఎవరైనా మల్టీమీటర్‌తో తప్పు పట్టేయగలరు.

కష్టం ఎక్కడంటే, ఏ ప్రీసెట్ అనేది ఎంచుకునే భాగంలో. తిప్పే రోటరీ స్విచ్ అయితే కాలితో పని కాదు. సీడీ4017 కౌంటర్ ఐసీ పెడితే ఒక్క ఫుట్‌స్విచ్‌తో ఒకటి తర్వాత ఒకటి పది దాకా ముందుకి పోవచ్చు, పాటల వరస ముందే ఖాయమైన ప్రోగ్రామ్‌కి ఇది బ్రహ్మాండంగా సరిపోతాది, కానీ రెండు నుంచి నేరుగా ఏడుకి దూకలేరు. ఫుట్‌స్విచ్ అదురుకి ఒకే తొక్కుడుకి రెండు మెట్లు దూకే రోగం కూడా ఉంటాది, దానికి ఒక రెసిస్టర్, కెపాసిటర్, సీడీ40106 గేటు ముందు పెట్టాల. రిలేలని నడపడానికి యూఎల్ఎన్2004 అనే డ్రైవర్ ఐసీ వాడండి, 9 నుంచి 12 వోల్టుల మీద నడిచే ఇట్లాంటి ఐసీలకి అది యూఎల్ఎన్2003 కంటే బాగా కుదురుతాది, ఇన్‌పుట్ రెసిస్టర్ పెద్దది కాబట్టి 4017 మీద బరువు పడదు. నాలుగు పెడల్ల దాకా ఈ పద్ధతి హాయిగా ఉంటాది, ఎనిమిదికి పోతే డయోడ్ల అడవి అయిపోతాది.

లెర్న్ బటన్ పద్ధతి

మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ నడిపే చిన్న చిప్) ఉంటాది లోపల, ఆర్డ్యూనోలో వచ్చే ఏటీమెగా328పీ చాలు. ప్రీసెట్ బటన్ రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు మినుకుమంటాది, అప్పుడు ఒక్కో పెడల్ బటన్ తడుతూ కావాల్సినవి ఆన్, అక్కర్లేనివి ఆఫ్ చేసి, మళ్ళీ రెండు సెకన్లు పట్టుకుంటే సేవ్. చెవికి వినపడ్తానే నేర్పొచ్చు, డిస్టార్షన్ పెడితే ఎట్లుంది, తీస్తే ఎట్లుంది అని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ వద్దు, మూత తీయాల్సిన పని లేదు. స్టేజి మీద వాయించే మనిషికి నేను మొదట చెప్పేది ఇదే.

ఈ చిప్‌లో కరెంటు పోయినా మరిచిపోని ఈప్రామ్ అనే మెమరీ 1024 బైట్లు ఉంటాది. ఒక ప్రీసెట్‌కి ఒక బైట్ లెక్కన మీరు జీవితంలో నింపలేనంత. ఒక్కో చోటు లక్ష సార్లు రాయొచ్చని తయారీదారు చెప్తాడు, సేవ్ చేసినప్పుడు మాత్రమే రాస్తే అది ఎప్పటికీ అయిపోదు. కొందరు ప్రతి బటన్ తొక్కుడికీ "చివరి స్థితి" అని రాసేస్తుంటారు, ఆ అలవాటు వద్దు. ఇంకోటి, జెనరేటర్ మీద వోల్టేజీ సగం పడిపోయి లేస్తా ఉంటే ఆ సమయంలో చిప్ పిచ్చి రాతలు రాసే ప్రమాదం ఉంది, బ్రౌన్-అవుట్ అనే సెట్టింగ్ ఆన్ చేసి పెట్టుకుంటే వోల్టేజీ తగ్గగానే చిప్ తనంతట తాను రీసెట్‌లో ఉండిపోతాది.

కరెంటు వచ్చినాక ఏ ప్రీసెట్‌తో లేవాల అనేది మీ చేతిలోనే ఉంటాది, నా మాట అడిగితే ఎప్పుడూ మొదటి ప్రీసెట్, అది క్లీన్ సౌండ్ అయి ఉండాల. చివరిగా వాడింది డిస్టార్షన్ అయితే, జెనరేటర్ ఎక్కగానే జనం చెవుల్లో ఒక్కసారిగా పేలకూడదు.

చిప్ పిన్ను నేరుగా రిలేని నడపకూడదు, మధ్యలో యూఎల్ఎన్2803 పెట్టండి, ఎనిమిది రిలేలకి ఒక్కటి సరిపోతాది, కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజీని మింగే డయోడ్లు లోపలే ఉంటాయి. కానీ ఆ డయోడ్లు పనిచేయాలంటే 10వ పిన్నుని రిలేల ప్లస్ సప్లైకి కలపాల, బోర్డు గీసేటప్పుడు ఈ ఒక్క వైరు వదిలేసే వాళ్ళు శానా ఎక్కువ. టీక్యూ2 కాయిల్‌కి ప్లస్ మైనస్ ఉంటాది, తిరగేసి పెడితే కదలదు, రిలే పోయింది అనుకోకండి.

సప్లై లెక్క కూడా చెప్పేస్తా. ఎనిమిది టీక్యూ2లు ఆన్ అయితే సుమారు 225 మిల్లీఆంపులు, చిప్పు లైట్లు కలిపి 250 పైన. పెడల్ పవర్ సప్లైలో ఉండే 100 మిల్లీఆంపుల సాకెట్ చాలదు, 500ది కావాల. 9 వోల్టుల నుంచి 7805తో 5 చేస్తే ఆ రెగ్యులేటర్ మీద ఒక వాట్ వేడి పుడ్తాది, కర్నూలు ఎండల్లో రేకుల షెడ్డు కింద రిహార్సల్ చేసేటోళ్ళు దానికి చిన్న హీట్‌సింక్ పెట్టాల్సిందే.

కోడ్‌లోనే రాసేయడం

అదే మైక్రోకంట్రోలర్, కానీ ప్రీసెట్లు ప్రోగ్రామ్ లోపలే ఉంటాయి, మార్చాలంటే ల్యాప్‌టాప్, కేబుల్. జేఎన్టీయూ అనంతపురంలోనో ఇంకో కాలేజీలోనో ప్రాజెక్టు చేసే పిల్లోళ్ళకి నేర్చుకోవడానికి మంచిది, మొదటి రోజు రిలేలన్నీ సరిగ్గా మాట వింటున్నాయా అని చూసుకోవడానికి కూడా ఇదే సులువు. ఇంకొకరికి అమ్మే డబ్బాకి, స్టేజికి పోయే డబ్బాకి వద్దు.

మిడీ

ఆర్కెస్ట్రాలో కీబోర్డు ఆయనే పాటకి తగ్గట్టు టోన్లు, రిథమ్ మారుస్తాడు. అదే మార్పు గిటార్ పెడల్లని కూడా మారిస్తే? మిడీ పద్ధతి ఇదే. శానా కీబోర్డులు ప్రోగ్రామ్ ఛేంజ్ అనే రెండు బైట్ల సందేశం పంపగలవు, సెకనుకి 31,250 బిట్ల వేగం మీద అది ఒక మిల్లీసెకను లోపలే చేరిపోతాది. 16 ఛానళ్ళు, ఒక్కో దాంట్లో 128 ప్రోగ్రాములు. ఇన్‌పుట్‌లో ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వైరుతో కాకుండా వెలుతురుతో దాటించే ఐసీ) ఉంటాది కాబట్టి కీబోర్డు గ్రౌండు, మీ డబ్బా గ్రౌండు మిడీ కేబుల్ గుండా కలవవు, హమ్ (గుయ్యిమనే మోత) రాదు. కేబుల్ 15 మీటర్ల లోపు ఉంచండి.

గమనించాల్సింది, కీబోర్డు తెర మీద 1 అని చూపిస్తే వైరులో పోయేది 0 కావచ్చు, అందుకే ఒక అంకె అటూ ఇటూ అయి పక్క ప్రీసెట్ మోగుతాది, కోడ్‌లో ఒకటి కలుపుకుంటే సరి. కొన్ని చిన్న కీబోర్డులకి ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉండదు, యూఎస్‌బీ మాత్రమే ఉంటాది, దాన్ని నేరుగా ఈ డబ్బాకి కలపలేరు, మధ్యలో ఇంకో పరికరం కావాల.

పెద్ద సమస్య మాత్రం మనుషులది. గిటార్ సౌండ్ కీబోర్డు ఆయన చేతిలోకి పోతాది. ఇద్దరూ ఏళ్ళుగా కలిసి వాయించేవాళ్ళు, పాటల వరస ఖాయంగా ఉండేవాళ్ళు అయితే ఇంత సుఖం ఇంకోటి లేదు. రోజుకో టీంతో వాయించేవాళ్ళయితే మిడీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, లెర్న్ బటన్లు ఎట్లాగూ ఉంచి మిడీని పక్కన అదనంగా పెట్టుకోండి, చిప్ అదే, ఆప్టోకప్లర్ ఒకటి ఎక్కువ, అంతే.

ఫోన్‌తో

ఈఎస్పీ32 (వైఫై, బ్లూటూత్ ఉన్న మైక్రోకంట్రోలర్) పెట్టి, ఫోన్‌లో ఒక పేజీ తెరిచి, పాట పేరు తెలుగులో రాసుకుని పక్కన పెడల్లకి టిక్కులు పెట్టడం చూడ్డానికి శానా బాగుంటాది. యాభై పాటల లిస్టు ఉన్నవాళ్ళకి ఇంట్లో కూర్చుని సర్దుకోవడానికి దీన్ని మించింది లేదు. స్టేజి మీద మాత్రం దీని మీద ఆధారపడొద్దు. దీని వైఫై, బ్లూటూత్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, పందిట్లో వందల ఫోన్లు అదే గాలిలో ఉంటాయి. ఇంకా ముఖ్యంగా, వైఫై ప్రసారం చేసిన ప్రతిసారీ చిప్ కరెంటు ఒక్క ఉదుటున 200 మిల్లీఆంపుల పైకి లేస్తాది, సప్లై, గ్రౌండు సరిగ్గా వేరు చేయకపోతే డిస్టార్షన్ ఆన్‌లో ఉన్నప్పుడు అది 'టిక్ టిక్ టిక్' అని స్పీకర్లో వినపడ్తాది. ఇంట్లో సెట్ చేసుకున్నాక వైఫై ఆపేసి బటన్ల మీద నడిచేటట్టు కోడ్ రాసుకోవాల. ఇంకో జాగ్రత్త, 0, 2, 12, 15 నంబర్ల పిన్నులు బోర్డు లేచేటప్పుడు తమ పని తాము చూసుకుంటాయి, వాటికి రిలేలు కలిపితే ఆన్ చేయగానే రిలేలు ఊరికే కొట్టుకోవడమో, బోర్డు లేవకపోవడమో జరుగుతాది.

| చూసేది | డిప్, డయోడ్లు | లెర్న్ బటన్ | మిడీ | ఫోన్ |
|---|---|---|---|---|
| స్టేజి మీద మార్చడం | మూత తీయాల | సులువు | కీబోర్డు ఆయన చేతిలో | నమ్మలేం |
| కోడ్ రాయడం | అక్కర్లేదు | కావాల | కావాల | ఎక్కువ కావాల |
| ఊర్లో రిపేరు | సులువు | చిప్ పోతే కోడ్ కాపీ ఉండాల | అదే | కష్టం |
| ఎన్ని ప్రీసెట్లు | పది లోపే బాగు | ఎన్నైనా | ఛానల్‌కి 128 | ఎన్నైనా, పేర్లతో సహా |
| సెట్టింగ్ చూడ్డం | కంటికి కనపడ్తాది | లైట్లు చూసి | లైట్లు చూసి | తెర మీద |

వరస కూడా మారాలంటే

కొందరికి ఒక పాటలో డిస్టార్షన్ తర్వాత వా అనే పెడల్, ఇంకో పాటలో వా తర్వాత డిస్టార్షన్ కావాల. ఏదైనా ఎటైనా కలిపే మాట్రిక్స్ అయితే రిలేలతో మోయలేం: నాలుగు పెడల్లకి ఇన్‌పుట్, అవుట్‌పుట్ కలుపుకుని ఐదు అయిదుల 25 కూడళ్ళు, ఎనిమిదికి 81. అప్పుడు ఎంటీ8816 లాంటి అనలాగ్ స్విచ్ ఐసీకి పోతారు, ఒక్క చిప్‌లో 128 కూడళ్ళు ఉంటాయి, 12 వోల్టుల మీద ఒక్కోదాని నిరోధం 65 ఓంలు మించదు, గిటార్‌కి అది లెక్కే కాదు, కానీ ముందు ఒక బఫర్ (సిగ్నల్ బలం తగ్గకుండా కాపాడే సర్క్యూట్) కావాల, సప్లై పోతే సౌండూ పోతాది. ఇంకా ప్రమాదం, తప్పు ప్రీసెట్ రాస్తే పెడల్ అవుట్‌పుట్ దాని ఇన్‌పుట్‌కే తగులుకుని కీచుమని అరుస్తాది, కాబట్టి సేవ్ చేసే ముందే కోడ్ దాన్ని పట్టుకుని ఆపాల.

నూటికి తొంభై మందికి ఇంత అక్కర్లేదు. రెండు పెడల్ల వరస మాత్రమే తిరగేయాలంటే రెండు సిగ్నల్ రిలేలు కలిసి ఆ పని చేస్తాయి. మొదటి పెడల్ ఇన్‌పుట్‌కి అయితే గిటార్, లేకపోతే రెండో పెడల్ అవుట్‌పుట్. రెండో పెడల్ ఇన్‌పుట్‌కి అయితే మొదటి పెడల్ అవుట్‌పుట్, లేకపోతే గిటార్. బయటికి పోయేది అయితే రెండో పెడల్, లేకపోతే మొదటిది. మూడు మార్పులు, మూడు పోల్స్, రెండు రిలేల్లో ఒక పోల్ మిగులు. ఆ రెండిటినీ కలిపి ఒకే బిట్‌తో నడిపితే ప్రీసెట్‌లో "వరస తిరగెయ్" అనేది ఇంకో ఆన్-ఆఫ్ అయిపోతాది, లెర్న్ పద్ధతిలో ఏమీ మారదు.

లాచింగ్ రిలే కావాలా

లాచింగ్ రిలే ఒక్క పల్స్‌కి మారి అట్లనే ఉండిపోతాది, పట్టి ఉంచడానికి కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ మీద నడిపేవాళ్ళకి ఇదే. కానీ రెండు కాయిల్స్ రకానికి రిలేకి రెండు డ్రైవర్లు కావాల, ఎనిమిదికి పదహారు. పైగా ఆన్ చేసినప్పుడు ఏ రిలే ఎటు ఉందో చిప్‌కి తెలీదు, లేవగానే అన్నిటికీ పల్స్ కొట్టి సరిచేయాల. మామూలు రిలే అయితే స్విచర్ అడాప్టర్ ఒక్కటే ఊడిపోయినా అన్నీ ఆఫ్‌కి పడిపోయి గిటార్ నేరుగా ఆంప్‌కి పోతానే ఉంటాది, ఎఫెక్టులు లేకపోయినా పాట ఆగదు. స్టేజికి మామూలుదే నా ఓటు.

ఎవరికి ఏది

కోడ్ అంటే చేతకాని, నాలుగు పెడల్లు, పాటల వరస ముందే తెలిసిన వాళ్ళకి డిప్ స్విచ్, అందులో మొహమాటం అక్కర్లేదు. డబ్బాని టీం మొత్తం వాడుకుంటాది, ఈ రోజు ఒకరు రేపు ఒకరు అనుకుంటే కూడా అదే, సెట్టింగ్ అందరికీ కనపడ్తాది కాబట్టి. స్టేజి మీద పాట పాటకీ నిర్ణయం మార్చుకునే గిటారిస్టుకి లెర్న్ బటన్. కీబోర్డు, గిటార్ ఒకే ఇంటి అన్నదమ్ముల్లాగా కలిసి నడిచే టీంకి లెర్న్‌తో పాటు మిడీ. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్ళకి ఫోన్ పద్ధతి, ఆడ జనం లేరు, లైన్ పోయే హడావిడి లేదు. అమ్మడానికి చేసే టెక్నీషియన్‌కి లెర్న్ పద్ధతే, కోడ్ కాపీ ఎక్కించిన ఒక చిప్‌ని సాకెట్ పక్కనే స్పేర్‌గా టేపు వేసి ఇయ్యండి, కడపలో చెడిపోతే కడపలోనే బాగవుతాది.

ఏది కట్టినా చివర్లో 'టప్' శబ్దం పరీక్ష చేయండి. ప్రతి పెడల్‌కి పోయే జాక్ నుంచి, వచ్చే జాక్ నుంచి గ్రౌండుకి ఒక మెగా ఓం రెసిస్టర్ పెట్టండి, పెడల్ కెపాసిటర్ నుంచి కారే డీసీ నిల్వ ఉండకుండా దిగిపోతాది. అప్పటికీ వస్తుంటే రిలే కదిలే ఆ కొద్ది మిల్లీసెకన్లు అవుట్‌పుట్‌ని మూసిపెట్టే ఫోటో రిలే (కదిలే భాగాలు లేకుండా వెలుతురుతో నడిచే రిలే) ఒకటి చేర్చి, చిప్‌లో "ముందు మూయి, రిలేలు మార్చు, పది మిల్లీసెకన్లు ఆగు, తెరువు" అని రాయండి. కాయిల్ వైర్లు, సిగ్నల్ వైర్లు పక్కపక్కన పడుకోబెట్టొద్దు, అడ్డంగా దాటించండి. తర్వాత డిస్టార్షన్ ఫుల్ పెట్టి, గిటార్ వాల్యూమ్ సున్నా చేసి, అన్ని ప్రీసెట్లూ ఒకటి తర్వాత ఒకటి తొక్కి వినండి. ఎక్కడ టప్ అంటే ఆ పెడల్ జాక్ దగ్గర డీసీని మల్టీమీటర్‌తో కొలవండి.